కడప కచేరీలో కేక

నల్ల చొక్కా అడుగున పెడితే నలుగుతుంది, పైన పెడితే జిప్పు ఒత్తుకుంటుంది. మధ్యలో, రెండు తువ్వాళ్ళ నడుమ పెట్టాలి. మురళి మంచం మీద కూర్చుని, ఫోనులోంచి కళ్ళెత్తకుండా ఈ సంగతులన్నీ చెబుతున్నాడు. సుచరిత కింద చాప మీద కూర్చుని అతని బ్యాగు సర్దుతోంది.

"బీపీ మాత్రలు బయటి అరలో పెట్టు. పోయినసారి లోపల పెట్టినావు, దోవంతా వెతుక్కున్నా."

"పోయినసారీ బయటి అరలోనే పెట్టినా."

"సరేలే. ఇప్పుడు పెట్టు."

పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా అతని బ్యాగు అతను ఒక్కసారి సర్దుకున్నది లేదు. జుట్టుకు రంగు వేసుకునే కుంచె కూడా ఆమే కడిగి పెట్టాలి. దాని మొదట్లో నల్లరంగు ఎండిపోయి, రెండు తెల్లవెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. వేళ్ళ చివరలతో పట్టుకుని దూరంగా ఎత్తింది. ఈ రంగు మరకలే కదా వారం వారం దిండు గలీబుల మీద రుద్దేది అనుకుంటూ దాన్ని ఒక కవరులో చుట్టి లోపలికి తోసింది.

కర్నూలు పాతబస్తీలో మురళికి ఇనుప సామాన్ల దుకాణం. వయసులో ఉన్నప్పుడు మాత్రం అతను గిటారు వాయించేవాడు. స్నేహితులతో కలిసి 'ఎర్రదుమ్ము' అని ఒక రాక్ బృందం పెట్టాడు. వాళ్ళకు ఒక పెద్ద పాట ఉండేది, పేరు 'వాన రాని ఏడు'. సినిమా పాటలాగా నాలుగు నిమిషాల్లో తేలిపోయేది కాదు, అరగంట దగ్గర దగ్గరగా సాగేది. ఎండలో మొదలై, మబ్బు పట్టి, డ్రమ్ముల ఉరుములతో ఊగిపోయి, నడిమధ్యన అన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. కీబోర్డు మీద ఒక్క స్వరం మాత్రం సన్నగా నిలిచి ఉండేది. ఆ నిశ్శబ్దం తర్వాత మురళి గిటారు ఒంటరిగా అందుకునేది. బృందం ఎప్పుడో చెదిరిపోయింది, పాటను మెచ్చినవాళ్ళు మాత్రం అక్కడక్కడా మిగిలారు. ఇప్పుడు బెంగళూరులో ఒక చిన్న కంపెనీ వాళ్ళు పాత కేసెట్లను శుభ్రం చేసి ఆ పాటను రికార్డుగా వేస్తున్నారు. రేపు ఆదివారం ఒక హాల్లో అందరినీ పిలిచి వినిపిస్తారట. ఏ ఊరి కచేరీని రికార్డుగా వేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అది తేల్చుకోవడానికే డ్రమ్ములు వాయించిన కిరణ్‌కుమార్, కీబోర్డు వాయించిన జయకుమార్ పొద్దున్నే ఇక్కడికి వచ్చారు. తేలగానే ముగ్గురూ కారులో వెళతారు.

వచ్చినవాళ్ళకు బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేయాలి. చేయమని ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా అయ్యే పనులకు ఆ ఇంట్లో లెక్కే లేదు.

ముందుగదిలో కేసెట్లు ఒకటొకటే పాడుతున్నాయి. సుచరిత బాణలి ముందు నిలబడి వింటోంది. వినాలని కాదు, వంటింటికీ ముందుగదికీ మధ్య తలుపు లేదు.

"బెంగళూరుదే వేద్దామప్పా," అంటున్నాడు జయకుమార్. కడపవాడు, చర్చిలో హార్మోనియం వాయిస్తూ పెరిగిన మనిషి. "శబ్దం ఎంత నీటుగా ఉండాదో సూడు. ఒక్క దగ్గు కూడా వినపడదు."

"అదే దాని రోగం," అన్నాడు కిరణ్‌కుమార్. "జనం శవం కాడ కూర్చున్నట్ల కూర్చున్నారు ఆ పొద్దు. కోడుమూరుది పెట్టు. కరెంటు పోయి జనరేటరు పెట్టింటిమి గదా, ఆ దడదడలో నేను కొట్టిన దెబ్బలు చూడు."

"నీ దెబ్బలు యాడుండాయప్పా, జనరేటరే తాళం తప్పకుండా కొట్టింది."

ముగ్గురూ నవ్వారు. బజ్జీ తిరగేస్తూ సుచరిత కూడా నవ్వాపుకుని పెదవి కొరుక్కుంది. కిరణ్‌కుమార్ కిటికీలోంచి గుట్కా ఉమ్మిన చప్పుడయింది. ఆ కిటికీ కింద ఆమె నాటుకున్న మల్లెపొద ఉంది.

"ఎన్ని చెప్పినా కడపదే కడపది," అన్నాడు మురళి.

కేసెట్టు మారింది. ఉరుములు, ఊపు, ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక ఆడగొంతు, పదునుగా: "మురళీ."

ఒక్క క్షణం ఆగి గిటారు అందుకుంది.

"అబ్బ," అన్నాడు కిరణ్‌కుమార్. "యా కచేరీలో ఉండాదప్పా ఇట్లాంటిది? కొలిచి పెట్టినట్టు పడింది. ఇప్పటికైనా చెప్పు మురళీ, ఎవురా పిల్ల? ఎంత పిచ్చి లేకపోతే అంత మందిలో నోరు తెరిచి పేరు పెట్టి పిలుస్తాది?"

ఈ మాట స్నేహితులు మొదటిసారి అన్నది ఈ ఇంట్లోనే, పెళ్ళయిన మూడేళ్ళకు. అప్పుడూ మురళి ఇలాగే నవ్వి ఊరుకున్నాడు. నవ్వడం చూసి స్నేహితులు ఇంకా రెచ్చిపోయారు. ఎవరో కాలేజీ పిల్ల అన్నారు, డాక్టరు కూతురన్నారు, ఆ పిల్ల మీద కవిత్వం చెప్పారు. భార్య అయి ఉండవచ్చని ఎవరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? వాళ్ళ ఇళ్ళలో ఏ ఆడది మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది కనుక? సుచరిత అంతకు ముందు ఆ పేరు పలికింది ఒక్కసారే. పెళ్ళయి ఈ ఇంటి గడప దాటేటప్పుడు ఆడబిడ్డలు అడ్డం నిలబడి, పేరు చెబితే గానీ లోపలికి రానివ్వమంటే, సిగ్గుతో తల వంచుకుని వినీ వినపడకుండా చెప్పింది. రెండోసారి పలికింది కడపలో.

అప్పుడు ఆమెకు ఐదో నెల. ఆ స్థితిలో కడప దాకా ఎందుకు వెళ్ళిందంటే, బృందానికి వండి పెట్టే మనిషికి ఇవ్వడానికి దుడ్లు లేవని మురళి అన్నాడు గనక. కాలేజీలో వేదిక పక్క గదిలో అందరికీ చిత్రాన్నం పెట్టి, గిన్నెలు కడిగి, ఊడిపోయిన చొక్కా గుండీ కుట్టి ఇచ్చింది. కచేరీ మొదలయ్యాక నడుములో పోటు పుట్టింది. లేచి చూసుకుంటే చీర తడిసి ఉంది. గదిలో మనిషి లేడు. గోడ పట్టుకుని వేదిక పక్కకు వచ్చి, తెర తాళ్ళ దగ్గర నిలబడి, ఏమండీ అని పిలిచింది. డ్రమ్ముల్లో కలిసిపోయింది. మళ్ళీ మళ్ళీ పిలిచింది. అంతలో అన్నీ ఆగాయి. ఏమండీ అంటే ఎవరైనా అనుకోవచ్చు, పేరయితే అతనొక్కడే తిరిగి చూస్తాడు. అంత బాధలోనూ ఆ ఆలోచన వచ్చింది ఆమెకు. పిలిచింది.

గిటారు మొదలయింది. ఎప్పుడూ లేనంతసేపు సాగింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఆమె తాళ్ళ మధ్య కూలబడింది. కాలేజీ ఊడ్చే మనిషి ఎవరో చూసి, ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆ మనిషి పేరు కూడా సుచరితకు తెలియదు. బృందంవాళ్ళకు మురళి ఆమెకు ఒంట్లో బాగాలేదని మాత్రమే చెప్పాడు. బిడ్డ నిలవలేదు. ఆ తర్వాత ఎప్పుడూ నిలవలేదు.

"మగోళ్ళు పాడుకునే కాడ ఆడదానికి ఏం పని?" అంది అత్త కన్యకమ్మ, ఇంటికి రాగానే. "నా కొడుకు వంశం ఆడ తెర కింద పారేసి వచ్చింది." చచ్చిపోయేదాకా ఆ మాటను ఏదో ఒక సందులో అంటూనే ఉండింది. అది భరించింది సుచరిత. ఆమె భరించగలగడానికి కారణం ఆసుపత్రిలో మురళి అన్న ఒక మాట. మంచం పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, "వాయించేటప్పుడు నాకు ఏమీ కనపడదు సుచీ, ఏమీ వినపడదు. అంతా అయినాకనే తెలిసింది," అన్నాడు. కళ్ళు మూసుకుని వాయిస్తాడు, నిజమే. ఎవరో పిల్ల పిలిచిందని స్నేహితులు అంటే నవ్వుతాడు, మగబుద్ధి, అదీ నిజమే. కానీ తనను చూసి ఉంటే రాకుండా ఉండడు. ఆ ఒక్క నమ్మకం మీద కాళ్ళు పెట్టుకుని ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో నిలబడింది. కిందికి ఎప్పుడూ చూడలేదు, చూస్తే ఏముంటుందోనని భయం.

ఇప్పుడు బజ్జీల పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

"నాకు ఒకటే అనుమానమప్పా," అంటున్నాడు జయకుమార్. "కోడుమూరులో, బెంగళూరులో నీ గిటారు ముక్క పొట్టిగా ఉండాది. కడపలో దానికి రెండింతలు లాగినావు. నా వేలు ఆ మెట్టు మీదనే ఉండి తిమ్మిరెక్కిపోయింది. ఎందుకు లాగినావు?"

మురళి ముఖంలో వెలుగు వచ్చింది. వాయిద్యం గురించి ఎవరైనా అడిగితే అతనికి చుట్టూ ఎవరున్నదీ తెలియదు.

"ఆ పిలుపు పడగానే కళ్ళు తెరిచినా. చూసినా. పక్కన తాళ్ళ కాడ నిలబడి ఉండాది. ఆపుదామా అనుకున్నా. ఆపితే మళ్ళా అట్ల పడదు గదప్పా జన్మలో. చేతులు వణుకుతాండాయి. ఆ వణుకంతా తీగెల్లోకి తోసినా. అందుకే అంత లాగింది. విను, ఈ చోట విను, ఎట్ల ఏడుస్తాందో."

సుచరిత పళ్ళెం బల్ల మీద పెట్టింది. చేతికి నూనె అంటుకుని ఉంది. మురళి వెంటనే ఒక బజ్జీ తీసి కొరికాడు. అతని పెదవుల మీద, గడ్డం మీద నూనె మెరుస్తోంది. ఆ నోటిని ఆమె చూసింది.

"ఆ పిల్లను నేనే," అంది కిరణ్‌కుమార్‌తో.

"ఏం వదినా, తమాషా చేస్తాండావా?"

"ఆ పొద్దు కడుపు పోయింది నాకు. రమ్మని పిలిచినా."

జయకుమార్ చేయి చాచి కేసెట్టు ఆపాడు.

"ఆ పాత కథ ఇప్పుడెందుకు తీస్తావు?" అన్నాడు మురళి.

"కనపడలేదని చెప్పినారు నాకు."

"అట్ల చెప్పక ఎట్ల చెప్పల్ల? ఆపి వచ్చి ఏం చేస్తాను, నేనేమన్నా డాక్టరునా? పోయేది ఎట్లయినా పోయేదే. అదన్నా మిగిలింది."

అదన్నా అంటూ అతను కేసెట్టు వైపు చూపించాడు.

కిరణ్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "వదినా, తప్పుగా అనుకోవద్దు. ఇది శానా పెద్ద సంగతి. రేపు నువ్వే వచ్చి మైకులో ఈ మాట చెప్తే హాలంతా ఏడుస్తాది. ఇంక కడపది కాక ఇంకోటి వేసే మాటే లేదు."

సుచరిత మురళి ముఖం చూసింది. దుకాణంలో కొత్తరకం తాళం తెచ్చి చూపిస్తే అమ్ముడవుతుందా లేదా అని చూసే చూపుతో అతను తనను చూస్తున్నాడు.

"కారులో చోటుండాదిలే," అన్నాడు. "రాకూడదా?"

"దాంట్లోంచి నా గొంతు తీసేయండి."

"తీసేస్తే ఇంకేముండాది దాంట్లో?"

ఆమె జయకుమార్ వైపు చూసింది. అతను తల దించుకునే చెప్పులు వేసుకున్నాడు. "నీ కోసం ప్రార్థన చేస్తాను సిస్టర్," అన్నాడు. అని, కారెక్కాడు. ముగ్గురూ కడప కేసెట్టే తీసుకువెళ్ళారు. కారు కదిలేముందు మురళి అద్దం దించి, పాలు తోడేయడం మర్చిపోవద్దన్నాడు.

సుచరిత లోపలికి వచ్చింది. ఎంగిలి ప్లేట్లు చాప మీద, కుర్చీ చేతుల మీద, కిటికీలో ఉన్నాయి. సగం కొరికిన బజ్జీలు, వేళ్ళు తుడుచుకున్న కాగితాలు. ఒక ప్లేటు తీయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. ఆ తర్వాత రాయచోటిలో బట్టల దుకాణం నడుపుకుంటున్న చెల్లెలు శ్రీవాసవికి ఫోను చేసింది.

"వస్తాండా," అంది.

"రా అక్కా. ఎన్ని దినాలుంటావు?"

"రవికెలు కుట్టేదానికి మనిషి కావాలంటివి గదా."

"భోంచేసి బయల్దేరు," అంది శ్రీవాసవి.

మురళి సోమవారం పొద్దున తిరిగి వచ్చాడు. సుచరిత రెండువేల ఇరవైనాలుగు నవంబరు ఇరవై మూడు, శనివారం మధ్యాహ్నం కర్నూలు నుంచి వెళ్ళింది. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.