కాడ గాజు ఏ కుండలోది?

గాజు పనికి పేరుపడ్డ ఇటలీ దీవి మురానోలో ఆగస్టు నెలంతా కొలిములు ఆర్పేస్తారు. సెప్టెంబరులో మళ్ళీ వెలిగించేటప్పుడు అల్వీసె మేస్త్రి తన కొలిమిలో రెండు కొత్త కుండలు పెట్టించాడు. ఇన్నాళ్ళూ గ్లాసుల గాజు ఎడమ కుండలో, దీపాల గాజు కుడి కుండలో కరిగేవి. ఈసారి అటుది ఇటు, ఇటుది అటు అయింది. కరిగాక రెండూ ఒకే నిప్పురంగు, పుట్టించిన దేవుడు కూడా తేడా చెప్పలేడు. కలిపి అతికిస్తే మాత్రం రెండింటికీ పొసగదు. ఇవాళ కాకపోతే నెలకైనా పగిలి తీరుతుంది.

ఇరవై ఏళ్ళుగా మేస్త్రికి గాజు అందిస్తున్న ఓర్సోలాకు నిన్ననే పరీక్ష. ఎవరి సాయమూ లేకుండా, పైన గిన్నె, కింద సన్నటి కాడ ఉండే కాడ గ్లాసు ఒకటి చేయాలి. అది నిలిస్తే మేస్త్రి తన పనిబల్ల ఆమెకు వదిలేస్తాడు, ఇక ఆమే మేస్త్రి. ఆ బల్ల మీద ఆమె పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. గిన్నెకు గాజు కుడి కుండలోంచే తీసింది, బాగా గుర్తుంది. మరి కాడకు? కాళ్ళు అలవాటు కొద్దీ ఎడమకు పోయాయా? పోయినట్టూ ఉంది, పోనట్టూ ఉంది. ఇంటికెళ్ళి గరిటె పట్టుకుని వంటింట్లో కుడికీ ఎడమకీ నడిచి చూసుకుంది. పొయ్యి మీది మొక్కజొన్న పోలెంటా అడుగంటింది గాని సంగతి తేలలేదు.

పొద్దున, గాజును రాత్రంతా మెల్లగా చల్లార్చే పొయ్యిలోంచి గ్లాసు నిక్షేపంగా బయటికొచ్చింది. మేస్త్రి దాన్ని వెలుతురులో తిప్పి చూసి, బల్ల మీంచి లేచి, ఆమెను కూర్చోమన్నాడు. ఓర్సోలా కదల్లేదు. నోరు మూసుకుంటే బల్ల తనదే. సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

"కాడ గాజు ఏ కుండలోంచి తీశానో నాకే తెలీదు మేస్త్రీ," అంది చివరికి.

"పగల్లేదుగా పిల్లా."

"ఇవాళ పగల్లేదు. రేపు ఎవరి చేతిలోనో పగిలితే?"

మేస్త్రి కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత పట్టకారుతో గ్లాసును ఒక్కటేసి, ముక్కలు తుక్కు డబ్బాలో పోశాడు. చేతికొచ్చినదాన్ని నోటితో పోగొట్టుకున్నానే అనుకుంది ఓర్సోలా. ఆయన కూర్చుంటాడని బల్ల పక్కనుంచి తప్పుకుంది కూడా.

ఆయన కూర్చోలేదు. రోజూ ఆమె పట్టే ఊదుడు గొట్టం తీసుకుని కొలిమి దగ్గరికి నడిచాడు. కుండల ముందు ఆగి, వెనక్కి తిరిగి ఆమెను అడిగాడు.

"ఏ కుండలోంచి తియ్యమంటారు మేస్త్రీ?"

ఓర్సోలా బల్ల మీద కూర్చుంది. రెండు చేతులూ ముందు పెట్టుకుని, ఏది కుడో చూసుకుని, "కుడిది," అంది.