చీకటింటి మచ్చ

మా ఇంట్లో పట్టపగలు కూడా ఉప్పు ఎక్కడుందో తడుముకుని వెతుక్కోవాలి. అంతా పక్కింటి తిర్సా చలవ. మా గోడకు ఆనించి కొట్టు కట్టి, నాకున్న ఒక్కగానొక్క కిటికీని మూసేసింది మహాతల్లి. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు, తిట్లే.

అలాంటి ఇంట్లో ఓ రోజు మూలగోడకు చెయ్యి తగిలితే చెమ్మగా ఉంది. దీపం పెట్టి చూద్దును కదా, పచ్చటి మచ్చ! ఇలాంటిది ఇంటికి పట్టిన కుష్ఠు కావచ్చంటుంది మా ధర్మశాస్త్రం. యాజకుడొచ్చి చూసి 'అపవిత్రం' అన్నాడంటే ముందు ఆ రాళ్ళు పీకిస్తాడు. మచ్చ మళ్ళీ వచ్చిందా, ఇల్లంతా పడగొట్టి ఊరవతల పారబోయిస్తాడు. మా ఆయన పోయాక నాకు మిగిలిందల్లా ఆ ఇల్లే. అలాగని దాచిపెట్టి దేవుడి కళ్ళు కప్పగలనా? వెళ్ళి, "మచ్చలాంటిదేదో కనబడిందయ్యా" అని చెప్పుకున్నాను. అది మచ్చేనని తేల్చే హక్కు యాజకుడిదే. మనం 'లాంటిది' అనే అనాలి.

ఆయన నోట మాట రాకముందే సామాను బయట పెట్టుకుంటే దానికి మైల అంటదు. అందుకని చాపలు, నూనెకుండలు, చిరుగుల దుప్పట్లు అన్నీ వీధిలో పరిచాను. ఊరంతా వచ్చి తీరిగ్గా చూసి పోయింది. అంతలో తిర్సా గునపం పట్టుకుని దిగింది.

"ఏమే, నా ఇల్లు పడగొట్టడానికి నీకంత తొందరా?"

"అయ్యో, అది కాదు హొగ్లా వదినా! నీ కిటికీ తెరుద్దామని. పగ పెట్టుకుని రొట్టె విరిచే చోట కూర్చోకూడదన్నారు మావాళ్ళు."

ఈమధ్యే ఆవిడ నజరేతువాని శిష్యుల్లో కలిసింది. అప్పటినుంచి ఊళ్ళో అందరికీ తనే బోధిస్తోంది.

"అయినా గోడకు మైలేమిటి వదినా? మైల మనసులోంచి వస్తుందట."

"అలాగైతే నీ మనసునే పడగొట్టి ఊరవతల పారెయ్యాలి. పో అవతలికి!"

పోయింది. సరాసరి తన కొట్టులోకే పోయింది.

అప్పుడే యాజకుడు పస్హూరు వచ్చాడు. గడపలో నిలబడి కళ్ళు చికిలించాడు.

"ఇంత చీకటేమిటమ్మా?"

"దీపం తెమ్మంటారా అయ్యా?"

"కూడదు. మచ్చ చూడ్డానికని దీపం పెట్టకూడదు, కిటికీ తెరవకూడదు. ఉన్న వెలుతురులో కనబడితే కనబడినట్టు, లేకపోతే లేదు."

తిర్సా కొట్టును నేను దీవించడం అదే మొదలు. లోలోపలే దీవిస్తూ ఉండగా గోడ అవతల ధన్ ధన్‌మని గునపం దెబ్బలు! మట్టి రాలింది. సన్నటి వెలుగు నేలమీద పడింది.

"తిర్సా! ఆపవే!"

"ఆపను వదినా! నువ్వు క్షమించేదాకా ఆపను!"

"క్షమించానే తల్లీ! కొట్టు కట్టినందుకు క్షమించాను, కిటికీ మూసినందుకు క్షమించాను, నీ మేక నా ద్రాక్షతీగ తిన్నందుకూ క్షమించాను! ఆ గునపం కింద పెట్టు!"

"మనసారానా?"

"మనసారానే!"

గునపం ఆగింది. పస్హూరు మీసాల్లో నవ్వుకున్నాడు.

"నాకేమీ కనబడలేదు. సామాను లోపల పెట్టుకో తల్లీ" అని వెళ్ళిపోయాడు.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అంతలో తిర్సా పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది.

"బతికించావు వదినా. నీ ముఖం గుర్తొస్తే ముద్ద దిగేది కాదు."

నేనన్నది ఇల్లు కాపాడుకోవడానికి. ఆ పిచ్చిది నిజమని నమ్మి, నా భుజం తడిసిపోయేలా ఏడుస్తోంది. సిగ్గేసింది. తర్వాత నాకూ ఏడుపొచ్చింది.

"రేపు మొత్తం తెరిచేస్తాను వదినా" అంది ముక్కు తుడుచుకుంటూ.

తెరిస్తే మచ్చ కనబడుతుంది. కనబడితే మళ్ళీ యాజకుణ్ణి పిలవాల్సిందే. వద్దు అని ఒక్క మాటంటే నా ఇల్లు భద్రం. కానీ ఇన్నాళ్ళూ ఆ చీకట్లో ఒక్కదాన్నే కూర్చుని దీన్ని తిట్టుకుంటూ బతికాను. ఇక చాలనిపించింది.

"రేపెందుకే? ఆ గునపం ఇలా తే."

తిర్సా బిత్తరపోయింది. "మచ్చ కనబడితే? ఇల్లు పోతే ఏం చేస్తావు వదినా?"

"పోతే నీ కొట్టులో కాపురం పెడతాను. జరుగు."