రెండో పాచిక

ఆదివారం మధ్యాహ్నం. కడిగిన గిన్నెలు ఇంకా తడారనే లేదు, అక్క అప్పుడే భోజనాల బల్ల మీద ఆట పటం పరిచేసింది. వారమంతా డిపోలో బస్సుల్ని వేళకు బయల్దేరదీసే మనిషి ఆమె. ఆదివారం మాత్రం మనుషుల్ని కథల్లోకి బయల్దేరదీస్తుంది.

బల్ల చుట్టూ ముగ్గురు. రోప్‌వేలో మెకానిక్‌గా చేసే తమ్ముడు, బేకరీ నడిపే మరదలు, తమ్ముడి స్నేహితుడు గుండు. గుండుకి సెలూన్ ఉంది. తల మీద మాత్రం మొలకైనా లేదు.

ఆట తీరు తేలికే. అక్క కథ నడుపుతుంది, తక్కినవాళ్లు తలో పాత్ర పట్టుకుని తామేం చేస్తారో చెబుతారు, ఏం జరిగిందో పాచికలు తేలుస్తాయి. అయితే వీళ్లకో కట్టుబాటు ఉంది. వారానికొకరి పనిచోటు కథలోకి వస్తుంది. అక్కడ ఏది ఎంత తరచుగా చెడుతుందో, దానికి ఎన్ని పాచికలు వెయ్యాలో ఆ పనిచేసేవాళ్లే చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ వారం రోప్‌వే వంతు.

"కొండ మీంచి క్యాబిన్ దిగుతోంది. సగం దారిలో గాలి లేచింది. లోపల పెళ్లివారు" అంది అక్క.

"పెళ్లికూతురు నేను" అన్నాడు గుండు.

"నీకు జడెలా వేస్తార్రా?" అంది మరదలు.

నవ్వుల మధ్యనే తమ్ముడు, "ఆపరేటర్ని నేను. ఎర్ర బటన్ నొక్కుతున్నా. బ్రేకు పడాలి" అంటూ పాచిక తీసి చేతిలో ఆడించాడు. "ఒకటి పడితే జారిపోతుంది. తక్కిన ఏది పడినా ఆగుతుంది."

నాలుగు పడింది. పెళ్లివారు బతికారు. గుండు, తల మీద ముసుగున్నట్టే సర్దుకున్నాడు.

అక్క మాత్రం నవ్వలేదు. "రెండోది వెయ్యలేదేంరా?"

"ఏది?"

"రెండో పాచిక. రోప్‌వేకి రెండు బ్రేకులుంటాయని, ఒకటి పట్టకపోతే ఇంకోటి పడుతుందని నువ్వేగా చెప్పావు? రెండు బ్రేకులకి రెండు పాచికలు. రెండూ ఒకేసారి ఒకటి చూపిస్తేనే ప్రమాదం. ముప్పై ఆరింట ఒక్కసారి. నువ్వు ఒక్కటే వేశావు. ఆరింట ఒకసారి చేసేశావు."

తమ్ముడి చూపు పాచికల డబ్బా వైపు, అక్కణ్ణుంచి నేల వైపు జారింది.

"మర్చిపోయానక్కా."

"నీ పని నువ్వు మర్చిపోవు."

"ఆటేగా వదినా, ఇంకోటి వేస్తే పోయె" అంది మరదలు.

"రెండోది విప్పేసి ఉంది" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "లోపలి పట్టీ పగిలింది. కొత్తది వచ్చేదాకా లైను ఆపుదామన్నాను. సీజన్లో ఆపడం కుదరదన్నాడు మేనేజరు. ఉన్న బ్రేకు కూడా అరిగిందక్కా. నిజంగానే ఆరింట ఒకటని కాదు... నాకు మాత్రం అలాగే అనిపిస్తుంది."

కూతురు గుర్తొచ్చి అక్క కుర్చీలోంచి లేచింది.

"బుజ్జి ఇవాళ కొండకెళ్లింది రా."

"ఎవరు, మన బుజ్జా? వచ్చే ఆదివారం కదా?"

"దాని స్నేహితురాలి వాళ్లు ఇవాళే బయల్దేరారు."

అక్క ఫోను తీసింది. కూతురి మెసేజీ అప్పుడే వచ్చి ఉంది. 'క్యాబిన్ ఎక్కామమ్మా. కిందికి దిగుతున్నాం. భలే ఊగుతోంది!'

తమ్ముడు తన ఫోను లాక్కుని కంట్రోల్ రూమ్‌కి కలిపాడు. "లైను ఆపించేస్తా. ఇప్పుడే ఆపించేస్తా."

అవతల ఎవరో ఎత్తారు. తమ్ముడు నోరు తెరిచేలోగా అక్క అతని మణికట్టు పట్టుకుంది.

"ఆపమనకు!"

"పిచ్చా అక్కా?"

"పాచిక ఎప్పుడు వేశావు? బటన్ నొక్కినప్పుడే కదా! మోటారు తిరుగుతున్నంతసేపూ బ్రేకుతో పనే లేదు, పాచికతోనూ పనే లేదు. నువ్విప్పుడు ఆపమంటే, నా పిల్ల లోపలుండగా పాచిక వేయిస్తున్నట్టేరా!"

తమ్ముడికి అర్థమైంది. ఫోనులో ఆపరేటర్‌కి గబగబా చెప్పాడు.

"అన్నా, నేనే. ఎర్ర బటన్ ముట్టుకోకు. ఎవరు చెప్పినా సరే. మోటారు వేగం తగ్గించుకుంటూ పో. ఉన్నవాళ్లందర్నీ కిందికి దించెయ్. పైన ఇంక ఎవర్నీ ఎక్కించకు. ఎందుకా? రెండోది లేదని నీకూ తెలుసుగా!"

"కరెంటు పోతే?" అన్నాడు గుండు.

"బ్రేకు దానంతటదే పడుతుంది" అన్నాడు తమ్ముడు.

ఉన్నట్టుండి నెత్తి మీద ఫ్యాను ఆగిపోయింది. అక్క కెవ్వున అరిచింది.

"నేనే వదినా, నేనే!" స్విచ్ దగ్గర నిలబడి మరదలు ఏడుపు మొహం పెట్టింది. "ఫోను సరిగ్గా వినబడ్డం లేదని ఆపాను."

గుండు ఆమెను తిట్టబోయి, తల నిమురుకున్నాడు.

ఎదురుచూడటం తప్ప చేసేదేం లేదు. ఫోనులో మోటారు రొద అంతకంతకూ సన్నగిల్లింది. చివరికి ఆపరేటర్ గొంతు. "దిగారు. చివరి క్యాబిన్ కూడా వచ్చేసింది. అందరూ కిందే ఉన్నారు." వెంటనే అక్క ఫోను మోగింది.

"అమ్మా, మళ్లీ ఎక్కుదామంటే ఎవర్నీ ఎక్కనివ్వట్లేదే! మావయ్యకి చెప్పి ఎక్కించమనవా?"

"ఇంటికి రా తల్లీ" అంది అక్క.

తమ్ముడు కుర్చీలో కూలబడి రెండు చేతులూ జోడించాడు. "ఒట్టక్కా, బుజ్జి ఇవాళ ఎక్కుతుందని తెలీదు. తెలిస్తే ఎక్కనిస్తానా?"

అక్క అతణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. చిన్నప్పుడు తను పట్టుకుని నడక నేర్పిన చెయ్యి అది. ఆ చెయ్యే ఇన్నాళ్లూ ఆ బ్రేకు పక్కన ఊరికే ఉండిపోయింది.

"మరి నిన్న ఎక్కినవాళ్లురా?"

తమ్ముడు జోడించిన చేతులు విడిపోయాయి. అతను ఫోనందుకున్నాడు.

"మేనేజరుకా?" అంది మరదలు భయంగా. "మీ ఉద్యోగం..."

"కాదు" అన్నాడు తమ్ముడు. "పోలీసులకి."