ఆగని కంప్యూటర్లు

గద్వాలలో మూతపడ్డ ఇంటర్నెట్ సెంటర్‌ను అద్దెకు తీసుకుని, ఆరు పాత కంప్యూటర్లను కలిపి, నిరోష ఏడాది పాటు ఒళ్లు హూనం చేసుకుని రాసిన ప్రోగ్రాం అది. షేర్ మార్కెట్లో వేల ధరలు రెప్పపాటులో మారిపోతాయి. ఒక్క కంప్యూటర్‌తో అయ్యే పని కాదు కనుక కంపెనీలను ఆరు వాటాలు వేసి పంచింది. ఆరూ ఒకేసారి లెక్క కడతాయి. ఆ లెక్కలన్నీ కలిపి, మార్కెట్ లేస్తుంటే తెర పచ్చగా, పడుతుంటే ఎర్రగా అప్పటికప్పుడు చూపిస్తుంది. ఇంత చేసింది ఆమె. ఊళ్లో మాత్రం మొగుడు విజయ్ చేశాడని చెప్పుకుంటారు, ఎందుకంటే ఆ మహానుభావుడే అలా చెప్పుకుని తిరిగాడు. విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది.

ఆ రోజు వనపర్తి నుంచి పల్లీల వ్యాపారి బాసిత్ సేటు ఆ ప్రోగ్రాంను కొనడానికి వస్తున్నాడు. అమ్మకం కాగితం మీద తన పేరు ఉండాలని నిరోష పట్టు. ఉండనివ్వనని విజయ్ పంతం.

పొద్దున తెరిచి చూస్తే ప్రోగ్రాంలో ఒక వరుస మాయమైంది. ఆరింటి లెక్కా ముగిసేదాకా ఏదీ ముందుకు పోకూడదని చెప్పే వరుస.

"గదెందుకు తీసినవ్?" అని నిలదీసింది.

"గా ఆగుడుతోనే కుంటుతుంది. సేటుకు స్పీడ్ చూపియ్యాలె" అన్నాడు విజయ్.

"మా అమ్మ, నాయిన మగ్గం మీద ఎట్ల నేస్తరో చూడలేదా నువ్వు?"

ఆమె తల్లిదండ్రులు ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుంటారు. ఆశన్న నూలు చీర నేస్తాడు, అనంతమ్మ పట్టు అంచు వేస్తుంది. పోగును అటూ ఇటూ నడిపే ఇద్దరి నాడెలూ ప్రతిసారీ కలవాలి. ముందొచ్చిన చెయ్యి రెండోదాని కోసం ఆగాలి, లేకపోతే అంచు ఊడిపోతుంది. వాళ్లిద్దరికీ మాటల్లేక ఏళ్లయింది. అయినా మగ్గం మీద ఒకరి కోసం ఒకరు ఆగుతారు.

"మగ్గం ముచ్చట నాకెందుకే? సేటు ముందల నోరు తెరిచినవంటే మంచిగుండదు" అన్నాడు విజయ్.

తెరవనులే, నీ పరువు గంగలో కలవనీ అనుకుంది నిరోష.

మధ్యాహ్నం బాసిత్ సేటు వచ్చి తెర ముందు కూర్చున్నాడు. తెర పచ్చగా పరుగెత్తుతోంది. మూలన కూర్చున్న నిరోషకు తప్పు వెంటనే దొరికింది. బ్యాంకు షేర్లు చూసే కంప్యూటర్ వెనకబడింది. అది చూపే పెద్ద ధరలు ఎప్పుడో పాతబడ్డాయి. బయట మార్కెట్లో ఆ షేర్లు పడిపోతున్నాయి. ఇదేదీ తెలియని సేటు ముచ్చటపడి, ఫోన్ తీసి బ్యాంకు షేర్లు కొనేశాడు. నిరోష పెదవి విప్పలేదు.

కాసేపటికి సేటు మొహం మాడిపోయింది. "గిదేంది విజయ్? నీ తెర పచ్చగుంది, నా ఫోన్ల మునుగుతున్న!"

"నాకేం తెల్వదు సేటూ. రాసింది నా పెండ్లాం. మొత్తం ఆమెదే" అన్నాడు విజయ్.

ఏడాదిగా ఆమె ఎదురుచూసిన మాట అది. ఆ నోటి నుంచి ఇప్పుడు ఊడిపడింది.

"అవ్, నేనే రాసిన. అన్నీ ఆగాలని సుత రాసిన. తీసేసింది ఈయన" అంటూ నిరోష లేచి, ఆ వరుసను మళ్లీ పెట్టింది. తెర ఒక్క క్షణం తడబడి ఎర్రబడింది.

బాసిత్ సేటు ఆ ఎరుపును చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

"గీన్నే కూసున్నవ్ గదమ్మా. నేను కొంటుంటె తప్పని నీకు ఎర్కేనా?"

నిరోష చూపు తెర మీదికి తిప్పుకుంది. సేటు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

విజయ్ అమ్మకం కాగితాన్ని ఆమె ముందుకు విసిరాడు. "ఇగ రాస్కో, నీ పేరు."