దూలం మీది సగం మాట

కాశిబుగ్గలో సునీత ఇంట పొద్దు పాలతోనే మొదలయ్యేది. ఆమె పాలు కాచేలోగా ఓంకార్ జంపఖానాల మగ్గం మీద కూర్చుని, నాలుగు పోగులు నేసి, కూతురిని లేపేవాడు.

మాఘంలో ఒకనాడు మగ్గం మీదనే ఒరిగిపోయాడు. దవాఖాన నుంచి సునీత ఒక్కతే ముందు ఇంటికి వచ్చింది. గడపలో కూతురు అక్షర అడిగింది.

"బాపేడమ్మా?"

"లే..." అన్నది సునీత. 'డు' గొంతు దాటలేదు.

ఆ సగం మాట ఇంట్లోనే ఉండిపోయింది. పిచ్చుకంత ఉండేది. మగ్గం పైన దూలమెక్కి, బుద్ధి పుట్టినప్పుడల్లా "లే" అనేది.

వాడకట్టుకు అదేం వింత కాలేదు. పాలు పోసే యాకయ్య "ఇంట్ల ఎవలన్న ఉన్నరా?" అని కేకేస్తే లోపలి నుంచి "లే" అని వినబడి, పక్కింటికి పోయేవాడు. సునీత చెంబు పట్టుకుని వెంటపడేది. చీపురుతో తరమమని ఒకరంటే, "పాపం, ఉండనీలే" అన్నది ముసలి యాదవ్వ. తననే పిలిచారనుకుని అది తలెత్తి చూసింది.

అక్షరకు మాత్రం దానికి ఒకటే అర్థం. విన్నప్పుడల్లా దుప్పటి ముఖం మీదికి లాక్కునేది. కర్మలు అయిపోయినా మంచం దిగలేదు. పెట్టిన కంచం పెట్టినట్టే. పిల్ల గాజులు మోచేతి దాకా జారుతుంటే సునీత వాటిని మళ్లీ మణికట్టుకు లాగేది. ఒకరు పోయారు. ఇంకొకరు పోతున్నారు. ఏమని పిలవాలో మాట దొరకలేదు.

ఒక మధ్యాహ్నం వెనకింటి జాహెదా కిచిడీ పట్టుకొచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"జర ముఖం చూపిచ్చి ఇంత తినరాదు బిడ్డా. నేనేమన్న పరాయిదాన్నా?"

దూలం మీద మాట "లే" అన్నది.

"విన్నవా? అదీ గదే చెప్తాంది."

"ఏం చెప్తది చాచీ. బాపు లేడనే గదా," దుప్పటి కింది నుంచి అక్షర.

"నాకట్ల వినబడలే. మా ఇంట్ల, ఉర్దూల, లే అంటే తీస్కో అని. మీ బాపు మా పిలగాండ్లకు బెల్లంముక్క ఇచ్చుకుంట గిట్లనే అనేటోడు, లే బేటా అని." జాహెదా గిన్నె జరిపింది. "పట్టు. సల్లారితె బాగుండది."

దుప్పటిలోంచి ఒక చెయ్యి వచ్చింది. నాలుగు ముద్దలు లోపలికి పోయాయి. సునీత వంటింట్లోకి పోయి ఊరికే నల్లా తిప్పింది.

దీపాల వేళ అక్షర అడిగింది. "అమ్మా, పొద్దుగాల బాపు నన్నేమని లేపేటోడు?"

సునీత తలెత్తి దూలం వైపు చూసింది. అక్కడి మాటే చెప్పింది, కొంచెం రాగం తీసి, అచ్చం ఆయన లాగ.

తెల్లవారి పాలు పొంగుతుండగా మగ్గం చప్పుడైంది. సునీత తిరిగి చూసింది. మంచం ఖాళీ. దూలమూ ఖాళీ.

గోడ అవతలి నుంచి జాహెదా కేకేసింది. "సునీతా, పిల్ల ఇంకా పండుకునే ఉన్నదా?"

సునీత నోరు తెరిచింది. నాలుక మీద పిచ్చుకంత బరువు.

"లే..." అన్నది. అని, భయపడి ఆగింది.

మిగతా సగం దానంతటదే వచ్చింది.

"...సింది."