పచ్చి జీడిగింజ రంగు

కృపావతి తెల్లారి ఐదింటికే లేచి చేతులకి ఆముదం పట్టించేది. ఆముదం మీద పొయ్యిలోని బూడిద అద్దుకునేది. ఆ రెండూ లేకుండా జీడి బట్టీలో కూర్చుంటే గింజల నూనె చర్మాన్ని ఒలిచేస్తుంది. ఎంత పట్టించినా, పలాసలో ఇరవై ఏళ్లు జీడిగింజలు కొట్టిన ఆడదాని చేతులు ఎలా ఉండాలో ఆమె చేతులూ అలాగే ఉండేవి, మాడిన అట్టు అంచుల్లాగ. గోళ్లు మాత్రం తెల్లగా ఉండేవి. ఆ గోళ్లకి ఇంకో పని ఉంది మరి.

ఏ వస్తువు మీద చెయ్యి ఆనిస్తే ఆ వస్తువుకి మొట్టమొదట వేసిన రంగు ఆమె గోళ్లలోకి వచ్చేది. సాయంత్రానికి పోయేది. పుట్టినప్పటి నుంచీ అంతే. పాత ట్రంకు పెట్టెలు, తలుపులు, సైకిళ్లు మోసుకొచ్చి రంగు చెప్పమనేవారు. చెప్పడానికేముంది, చెయ్యి చూపించేది. కొత్తదని పక్కింటి సుభద్ర కొన్న బీరువా మీద చెయ్యి పెడితే ఆస్పత్రి తెలుపు వచ్చింది. అమ్మినవాడు మళ్లీ ఆ వీధి తొక్కలేదు.

రెండువేల మూడు ఎండాకాలంలో ఒకరోజు కారు షెడ్డు ఢిల్లీశ్వరరావు బట్టీ గుమ్మం దగ్గరకే వచ్చాడు.

"అప్పా, రేపు బట్టీ మానెయ్. మన్మథరావు బాబు గారి ఆస్టిన్ కారు వొచ్చినాది. ఇంజను మొదటి రంగేటో సెప్పాల."

కృపావతి చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది.

ఆ కారు నడిపింది ఆమె తండ్రి జెకర్యా. మన్మథరావు తండ్రి, నందిగాం వైపు భూములున్న పెద్దాయన, కొబ్బరి బేరాలకి వారం వారం బారువ వెళ్లేవాడు. కారు రోజంతా సముద్రపు గాలిలో ఉండేది. ఉప్పుకి ఇంజను తుప్పు పడుతుంటే చూడలేక, పడవలు చేసేవాళ్లని బతిమాలి మిగిలిన నీలం రంగు తెచ్చి జెకర్యా తన చేత్తోనే పూశాడు. మెచ్చుకుంటారనుకున్నాడు పాపం. పెద్దాయన మూత ఎత్తి చూశాడు. "నా ఇంజను పచ్చది. ఇది నీలం. నాది అమ్మేసి ఎవడి ఇంజనో పెట్టావు," అన్నాడు.

"రంగు గీకి సూడండి బాబూ. కింద పచ్చే ఉంటాది," అన్నాడు జెకర్యా.

ఎవరూ గీకలేదు. దొరమాట మీద గీకడమేమిటి? కారుని పాకలో పెట్టి తాళం వేసేశారు. జెకర్యాని పనిలోంచి తీసేశారు. తర్వాత చర్చిలో సంఘపెద్దలు కూర్చున్నారు. జెకర్యా అక్కడా గీకి చూడమనే అన్నాడు. దొంగతనం చేసినవాడికి ప్రభువు బల్ల లేదన్నారు వాళ్లు. రొట్టె, ద్రాక్షరసం ఆపేశారు. అప్పట్లో కొత్త కార్యదర్శి ఎడ్విన్ సంఘం పుస్తకంలో జెకర్యా పేరు మీద గీత గీశాడు. పన్నెండేళ్ల కృపావతి పాక దగ్గరకి వెళ్లి, ఒక్కసారి చెయ్యి ఆనించనివ్వమని అడిగితే కాపలావాడు తరిమేశాడు. నాలుగేళ్లు బల్ల లేకుండానే బతికి జెకర్యా పోయాడు. సమాధుల తోటలో ఆయన్ని వరసలో పెట్టనివ్వలేదు. తుమ్మకంచె మూల పెట్టారు.

మర్నాడు షెడ్డులో ఇంజను దిమ్మ మీద ఉంది. ఢిల్లీశ్వరరావు కిరసనాయిలుతో కడిగి, తీగ బ్రష్షుతో రుద్దాడు. నీలం పెచ్చులుగా రాలింది. కింద ఒట్టి తుప్పు. ఇరవై ఆరేళ్లలో పచ్చ రంగుని తుప్పు తినేసింది.

మన్మథరావు కుర్చీలో కూర్చుని సెల్లు తిప్పుతున్నాడు. విశాఖపట్నంలో పాత కార్ల ప్రదర్శన ఉందట. ఇంజను కంపెనీలో పుట్టిన రంగులోనే ఉండాలట.

"కంపెనీ పుస్తకంలో పచ్చ అని రాసుంది. ఏ పచ్చో రాయలేదు. నీ గోళ్లకి ఇంకేదైనా వచ్చిందా, ఇది దొంగ ఇంజనే. తుక్కుకి తోసేద్దాం," అన్నాడు. ఆ దొంగ ఎవరి తండ్రో తెలిసే అన్నాడు.

కృపావతి చింతపండుతో చేతులు తోముకుంది. పది వేళ్లూ ఇనుము మీద పెట్టింది. ఎప్పుడూ క్షణంలో వచ్చే రంగు ఆ రోజు రాలేదు. చాలాసేపటికి బొటనవేలి మొదట్లో చిన్న మచ్చలాగ మొదలై, పది గోళ్లకీ పాకింది.

ఢిల్లీశ్వరరావు వంగి చూశాడు. "పచ్చి జీడిగింజ. సెట్టు మీద పండు కింద ఏలాడతాది సూడండి, ఆ పచ్చ."

"అయితే మాదేనా?" అన్నాడు మన్మథరావు.

"మీదే బాబూ," అంది కృపావతి.

అతను నవ్వాడు. "మంచిదే. కోపమొస్తే మా పెద్దాయనకి కళ్లు కనబడేవి కావులే."

అంతే. ఆమె తండ్రి బతుకంతా ఆ ఒక్క ముక్కలో కొట్టుకుపోయింది.

ఢిల్లీశ్వరరావు మూడు డబ్బాలు తెచ్చి ముందర పెట్టాడు. "నీళ్ల మోటార్లకేసే పచ్చ సవక, నెల్లాళ్లకి వేడికి పొంగిపోద్ది. మెరిసే ఎండి రంగు ఎంత వేడికైనా ఆగతాది, కానీ రంగు అది కాదు. విశాఖపట్నం నుంచి తెచ్చిన ఈ మూడోది వేడికి ఆగతాది. కలుపుకుంటే రంగూ కుదురుతాది." ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీ నాయన ఉప్పుకి ఆగే రంగే సూసినాడప్పా. సరైంది సూడనేదు."

పొద్దంతా ఆమె చెయ్యి ఎండలో చాచుకుని కూర్చుంది. అతను పసుపు నాలుగు చుక్కలు, నలుపు ఒక చుక్క కలిపి రేకు ముక్క మీద పూసి, ఆమె గోరు పక్కన పెట్టి చూసేవాడు. నీలిఛాయ ఎక్కువైందని మళ్లీ కలిపేవాడు. రేకేదో గోరేదో తెలియనంత వరకూ వదల్లేదు. పల్చగా మూడు పూతలు వేశాడు. తర్వాత ఇంజను బాగుచేసి నడిపి, ఆ వేడికే మెల్లగా కాల్చాడు. గోటితో రక్కినా గీత పడలేదు.

ఆదివారం ఆమె ఎడ్విన్ గారి దగ్గరకి వెళ్లింది. ఆయనిప్పుడు సంఘపెద్ద.

"మీ నాన్న పేరు మీద గీత తీసెయ్యాలంటే సొంతదారు వొచ్చి సాక్ష్యం సెప్పాల కృపమ్మా. గోళ్ల మాట మీద పుస్తకం దిద్దలేం," అన్నాడాయన.

నందిగాం బస్సెక్కి వెళ్లింది. మన్మథరావు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"చచ్చిపోయిన మా నాన్నని అబద్ధాలకోరు అని మీ చర్చిలో చెప్పమంటావా? ఎలక్షన్లు వస్తున్నాయి. వెళ్లు."

కారు విశాఖపట్నం వెళ్లింది. దాని ముందర అట్ట పెట్టారని, దాని మీద 'మొదటి ఇంజను, మొదటి రంగు' అని రాశారని ఢిల్లీశ్వరరావు చెప్పాడు. బహుమానం వచ్చిందట.

ఇంజను మీద చెయ్యి పెట్టిన సాయంత్రం ఆమె గోళ్ల రంగు పోలేదు. వారానికీ పోలేదు. ఆముదం, బూడిద, జీడినూనె, ఏదీ దాన్ని కదపలేదు. గోరు పెరిగితే కత్తిరించేది, కిందనుంచి మళ్లీ అదే పచ్చ వచ్చేది. వేరే వస్తువు మీద చెయ్యి పెడితే ఇంకే రంగూ రావడం మానేసింది. ట్రంకు పెట్టెలవాళ్లు రావడం మానేశారు.

రెండు నెలలు ఒంట్లో బాగోలేదని చర్చికి వెళ్లలేదు. మూడో నెల మొదటి ఆదివారం వెళ్లింది. వరసగా బల్ల దగ్గరకి వెళ్లి రొట్టె తీసుకోవడం ఆ సంఘం పద్ధతి. ఆమె వంతు వచ్చింది. ఎడ్విన్ గారి చెయ్యి పళ్లెం మీదే ఆగిపోయింది.

"గోళ్లరంగు ఏసుకుని ఇక్కడికి రాకూడదని తెల్దేటి?"

"ఏసుకున్నది కాదు పెద్దయ్యా. వొచ్చినది."

"నీ గోళ్ల సంగతి మాకు తెల్దేటమ్మా? పొద్దున్న వొచ్చింది మాపటికి పోద్ది. ఇది రెండు నెల్ల పైనుంచి ఉందంటన్నారు. పోనేదంటే ఇది కొన్న రంగే."

వెనక వరసలో నిలబడ్డ సత్యవేణి, "ఈ వయసులో సోకేటో," అంది. ఎవరో కిసుక్కుమన్నారు.

కృపావతి జన్మలో పదిమందిలో గొంతు ఎత్తినది కాదు. ఇప్పుడూ ఎత్తలేదు. చెంగు ముడి విప్పి, జీడిపప్పు పొర తీసే చిన్న కత్తి తీసింది. పిడి ఆయన వైపు ఉండేలా బల్ల మీద తెల్లగుడ్డ మీద పెట్టింది. దాని పక్కన పది వేళ్లూ చాపింది.

"గీకి సూడండి," అంది.

ఎడ్విన్ గారికి ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంది. కత్తి ముట్టుకోలేదు. తర్వాత పళ్లెం ఎత్తి ఆమె వెనకున్న మనిషికి అందించారు.

ఆ మధ్యాహ్నం సంఘం పుస్తకంలో ఇంకో పేరు మీద గీత పడింది. ఆ గీసింది కూడా ఆయనే. కత్తి మాత్రం మర్నాడు ఊడ్చడానికి వచ్చిన మనిషి తీసేదాకా అక్కడే ఉంది. దాని అంచుకి ఏ రంగూ అంటలేదు.