జోజి గోడ

సోమవారం గోడ పడగొడతారని తెరెసాకి శుక్రవారం తెలిసింది.

చెప్పింది రాజమ్మ. రహమత్ నగర్ నుంచి జూబ్లీ హిల్స్ బంగళాలకు తోటపనికి వెళ్లే మనిషి.

"టీచరమ్మా, మీ నాయన బొమ్మలేసిన గోడ కూలగొడుతరంట. ఈశాన్యంల బరువుండద్దని సిద్ధాంతి చెప్పిండంట. గా గోడ మీద మా అవ్వ ఉన్నది. జర ఏమన్న చెయ్యి."

తెరెసా తండ్రి జోజి సినిమా బ్యానర్లు గీసి బతికి, గీస్తూనే పోయాడు. తన కోసం గీసుకున్నది ఒక్కటే. నటి అనసూయమ్మ ఇంటి పెరట్లో, నలభై అడుగుల పొడవు గోడ మీద. జూబ్లీ హిల్స్ గుట్టల్లో బండలు కొట్టి బంగళాలకు చోటు చేసిన కూలీల మొహాలు, నూట పన్నెండు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద చిత్రకారుడొకాయన దాని ముందు గంటసేపు నిలబడ్డాడు. ఆదివారాలు అనసూయమ్మ గేటు బార్లా తీసేది. రహమత్ నగర్ జనం వచ్చి తమవాళ్లెక్కడున్నారో వెతుక్కునేవాళ్లు.

అనసూయమ్మ పోయింది. ఇల్లు నిర్మాత త్రినాథరావు కొన్నాడు. వరసగా మూడు సినిమాలు పోయి, వాస్తు పట్టుకుని వేలాడుతున్న మనిషి.

అలాంటివాడి ముందు కళ గురించి మాట్లాడితే గోడకి చెప్పుకున్నట్టే. తెరెసా నేరుగా సిద్ధాంతి ఇంటికి వెళ్లింది.

"కొట్టమన్న నోటితో వద్దని ఎలా చెప్పనమ్మా?" అన్నాడాయన.

"అనసూయమ్మగారికి ఆ బొమ్మ వేశాకే వరసగా తొమ్మిది సినిమాలు ఆడాయండీ. కావాలంటే ఎవరినైనా అడగండి."

సిద్ధాంతి పంచాంగం మూసి ఆమె వంక చూశాడు. "తొమ్మిదా?"

"తొమ్మిది."

సోమవారం గోడ పడలేదు. నెల తిరక్కుండా త్రినాథరావు సినిమా విడుదలై విజయవాడ నుంచి వైజాగ్ దాకా ఇరగాడింది. గోడ బతికిందని తెరెసా గుణదల మాతకు కొబ్బరికాయ కొట్టింది.

ఆ తర్వాతి ఆదివారం రాజమ్మ బంగళా గేటు దాకా వెళ్లి తిరిగొచ్చింది. "లోపలికి రానిస్తలేరు టీచరమ్మా. దిష్టి తగుల్తదంట."

తెరెసా ఊరుకోలేదు. యూసుఫ్‌గూడలో తను డ్రాయింగ్ చెప్పే స్కూలు ప్రహరీ మీద, వీధి వైపు, గుర్తున్నంత వరకు ఆ మొహాలు వేయడం మొదలుపెట్టింది. మూడు పూర్తయ్యాయి. నాలుగోది సగంలో ఉండగా ఒక మధ్యాహ్నం త్రినాథరావు కారు వచ్చి స్కూలు ముందు ఆగి, ఆమెని బంగళాకి తీసుకెళ్లింది.

పెరట్లో గోడ కనిపించలేదు. దాని చుట్టూ కొత్తగా గది లేచింది. కిటికీ లేదు. ఇనప తలుపు. లోపల ఒక బల్బు, ఒకే ఒక కుర్చీ. నూట పన్నెండు మంది ఆ కుర్చీ వైపే చూస్తున్నారు.

"రండమ్మా, రండి," అన్నాడు త్రినాథరావు. తెల్ల బట్టలు, నెమ్మదైన గొంతు. "రోజూ పొద్దున్న ఓ గంట ఇక్కడ కూర్చుంటానండీ. నేనొక్కణ్ణే. మా ఆవిడని కూడా రానివ్వను."

"ఇది వాళ్ల బొమ్మ సార్. వాళ్లు చూడాలి."

"నా స్థలం, నా గోడ. గోడ మీదున్నది ఇంకొకరిదెలా అవుతుందమ్మా?" చిన్నగా నవ్వాడు. "స్కూలు దగ్గర మీరు వేసినవాటికి మీరు కారెక్కగానే సున్నం కొట్టించాను. మీ హెడ్‌మాస్టర్ మంచాయన, కాదనలేదు. అదృష్టం రెండు చోట్ల ఉంటే సగం సగం అయిపోతుందని సిద్ధాంతిగారన్నారు."

 ఆ అదృష్టం మాట సిద్ధాంతి చెవిలో వేసింది తనేనని తెరెసాకి గుర్తొచ్చింది.

"గోడ నా దగ్గరుంది. మీ చెయ్యి మాత్రం బయట తిరుగుతోంది. అచ్చం మీ నాన్నగారి చెయ్యేనటగా?" ఆయన ఆమె వేళ్ల వంక చూస్తున్నాడు. "ఇక ఈ బొమ్మ ఎక్కడా వేయనని ఆ ఏసుప్రభువు మీద ఒట్టేయండి. లేకపోతే రేపే గోడ కొట్టించేస్తాను. ఎవరికీ లేకుండా పోతుంది."

తెరెసా గోడ వైపు తిరిగింది. తండ్రి ఏడాదిన్నర నిచ్చెన మీద నిలబడి వేసిన గీతలు. ఒట్టేస్తే ఇవి ఉంటాయి, ఈ ఒక్క కుర్చీ కోసం. వేయకపోతే పోతాయి. పోయినా తన చేతిలో ఎంతో కొంత మిగులుతుంది. దాన్ని ఏ వీధి గోడ మీదైనా దించొచ్చు.

"కొట్టించండి సార్," అంది.

 త్రినాథరావు తనకు తెలియకుండానే గోడకి అడ్డంగా రెండడుగులు వేశాడు. అప్పుడు అర్థమైంది తెరెసాకి. ఈ గోడ మీద గునపం వేయించడం ఇతని వల్ల కాదు. చచ్చినా కాదు.

"నేను వెళ్తాను. పిల్లలకు క్లాసుంది."

 ఆయన ఆమెని దాటుకుని ముందు తను గుమ్మం బయటికి నడిచాడు. అక్కడ నిలబడి కాసేపు ఆలోచించుకున్నాడు. పూలకుండీలు సర్దుతున్న వాచ్‌మన్‌ని పిలిచి, ఎప్పటి నెమ్మదైన గొంతుతోనే చెప్పాడు.

"టీచరుగారు నాన్నగారి బొమ్మ చూసుకుంటున్నారు. ఎవరూ తొందరపెట్టకండి."

ఇనప తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.